ముందు పిడి చూడండి

హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. అందులో ఒకటి స్వర్ణం. అది చూసి మీ ఇంట్లోనూ 'నాకో పిస్టల్ కొనిపెట్టు నాన్నా' అన్న గోల మొదలైందా? తొందరపడకండి. వాల్తర్, స్టెయర్, మోరీని లాంటి పోటీ ఎయిర్ పిస్టళ్ల ధర లక్ష దాటుతుంది.

పది మీటర్ల పోటీలో పిస్టల్‌ని ఒంటిచేత్తోనే పట్టుకోవాలి. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత! అందుకే కంపెనీ పేరు కన్నా పిడి ముఖ్యం. కళ్లు మూసుకుని, పిస్టల్‌ని గురివైపు ఎత్తి, కళ్లు తెరవమనండి. ముందు సైటు వెనక గాడి మధ్యలో కనిపిస్తే పిడి కుదిరినట్టే. పక్కకు జరిగితే పిడి సైజు మార్చాలి, లేదా చెక్కను కాస్త అరగదీయాలి. ఎదిగే పిల్లలకు చెప్పుల్లాగే పిడీ చాలకుండా పోతుంది మరి. పిస్టల్ బరువు కిలోన్నర వరకూ ఉండొచ్చని నిబంధన. చిన్నారులకు కిలో బరువే ఎక్కువ, వాళ్లకి తేలికపాటి రకాలున్నాయి.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించింది. బాగుచేసేసరికి విలువైన నిమిషాలు కరిగిపోయాయి. రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ చేజారింది. అంతటివాళ్లకే తప్పలేదు!

కాబట్టి మొదటి ఏడాది క్లబ్బు పిస్టళ్లే నాలుగైదు మార్చి మార్చి కాల్చనివ్వండి. ఆ తరవాత కొనేటప్పుడు అమ్మేవాణ్ని డిస్కౌంట్ కన్నా ముందు ఒకటి అడగండి: గాలి సీలు పోతే ఎక్కడ మారుస్తారు, ఎన్నాళ్లు పడుతుంది?