మీ వీధిని చెక్కండి

బెండకాయను అడ్డంగా కోసి, రంగులో ముంచి, కాగితం మీద పువ్వులు అద్దిన రోజు గుర్తుందా? ఒకటో తరగతిలోనో రెండో తరగతిలోనో అందరం చేసిన పనే. అద్ది, పైకెత్తి, కింద పువ్వు కనపడగానే కళ్ళు పెద్దవి చేసుకుని వెంటనే ఇంకోటి అద్దాం. ఆ సంతోషాన్ని అక్కడే, ఆ బల్ల మీదే వదిలేసి పెద్దవాళ్ళమైపోయాం. అమ్మాయిలూ, అబ్బాయిలూ, వెళ్ళి దాన్ని వెనక్కి తెచ్చుకోండి!

శని ఆదివారాల్లో స్టూడియోల్లో ప్రింట్‌మేకింగ్, అంటే అచ్చు బొమ్మలు తీసే వర్క్‌షాపులు జరుగుతుంటాయి. లినోకట్, ఉడ్‌కట్, స్క్రీన్ ప్రింటింగ్, కొన్నిచోట్ల ఎచింగ్. చేరండి. ఇంజనీరింగ్ చదువుతున్నా, డిగ్రీ చదువుతున్నా, చదువు అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నా చేరండి. బొమ్మ వేయడం రాదంటారా? ఆ భయాన్ని గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి రండి.

అరచేయంత లినో ముక్క చేతిలో పెడతారు. అవిసె నూనె, బెరడు పొడి కలిపి చేసిన సరుకు అది, వెనక జనపనార పట్టా. చలికాలంలో బిరుసుగా ఉంటుంది. కాసేపు ఎండలో పెడితే ఉలికి లొంగుతుంది. ఉలి పిడిని అరచేతిలో ఇముడ్చుకుని, చూపుడు వేలు వెన్ను మీద ఆనించి ముందుకు తోస్తే సన్నటి తొక్క చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. చెక్కిన చోటు తెల్లగా మిగులుతుంది, చెక్కనిది నల్లగా పడుతుంది. అంటే ఒక్క నల్ల గీత కావాలంటే దాని చుట్టూ ఉన్నదంతా ఓపికగా తీసెయ్యాలి. తీసేసింది మళ్ళీ అతకదు. అందుకే తొలి గాటు పెట్టేముందు చెయ్యి వణుకుతుంది. వణకనివ్వండి. పెట్టండి.

తర్వాత ఇంకు. గాజు పలక మీద వేసి రోలర్‌తో అటూ ఇటూ పరుస్తారు. సరిగ్గా పరుచుకున్నప్పుడు ఆవాలు చిటపటలాడినట్టు సన్నటి చప్పుడొస్తుంది; చేయి తిరిగినవాళ్ళు ఆ చప్పుడు విని చాలు అనేస్తారు. దాన్ని లినో మీద పట్టించి, పైన కాగితం పరిచి, చెంచా వీపుతో అంగుళం అంగుళం రుద్ది, ఒక మూల పట్టుకుని మెల్లగా లేపుతారు. ఆ లేపే క్షణంలో బల్ల చుట్టూ ఉన్న మాటలన్నీ ఆగిపోవడం నేను ప్రతిసారీ చూస్తుంటాను.

పోయిన వేసవిలో నేను నేర్పే వర్క్‌షాపులో ఒక ఇంటర్ అమ్మాయి 'అమ్మ' అని చెక్కింది. అచ్చు తీస్తే అక్షరాలు తిరగబడి వచ్చాయి. ఆమె మొహం చిన్నబోయింది. అచ్చంటే అద్దమేనమ్మా, తిరగేసి రాసుకోవాలి అని ట్రేసింగ్ కాగితం ఇచ్చాను. పాత ప్రెస్సుల్లో కంపోజిటర్లు సీసపు అక్షరాల్ని గళ్ళలోంచి ఒక్కొక్కటే ఏరి పేర్చి, తలకిందులుగా ఉన్న పంక్తిని గడగడా చదివేవారని కూడా చెప్పాను. రెండోసారి చెక్కడానికి గంటన్నర పట్టింది. ఒత్తు దగ్గర వంపు వచ్చేసరికి ఆమె ఉలిని కదపకుండా లినో ముక్కనే నెమ్మదిగా తిప్పింది. ఎవరూ చెప్పలేదు. వంపులన్నీ అలాగే తీయాలి, మన అక్షరాలేమో అన్నీ వంపులే! ఆ కిటుకు ఆమె చెయ్యి తనంతట తానే నేర్చుకుంది. సాయంత్రానికి 12 ప్రతులు తీసింది. కింద ఎడమవైపు పెన్సిల్‌తో 1/12, 2/12 అని వేసి, కుడివైపు సంతకం పెట్టింది. అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్నాయనుకుంటాం కానీ, పక్కపక్కన పెడితే ఒకదాంట్లో నలుపు చిక్కన, ఇంకోదాంట్లో మూల కాస్త వెలిసింది. అన్నీ ఆమెవే. ఒకటి వాళ్ళమ్మకు, మిగతావి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకు.

ఈ కళ మీద నాకున్న ప్రేమంతా ఆ పంపకంలోనే ఉంది. రంగుల చిత్రం ఒక ఇంటి గోడకే పోతుంది. అచ్చు బొమ్మ నలుగురిదీ. 1930లో గాంధీ దండికి నడిచినప్పుడు నందలాల్ బోస్ కర్ర పట్టుకుని సాగిపోతున్న ఆయన్ని లినో మీద చెక్కారు. నలుపూ తెలుపూ, అంతే. ఇన్నేళ్ళైనా ఆ నడక ఆగలేదు.

ఆ నందలాల్ దగ్గర శాంతినికేతన్‌లో చదువుకున్న తెలుగువాడు కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టారు. పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియె 17లో చేరారు. పేరుమోసినవాళ్ళూ కొత్తవాళ్ళూ ఒకే చోట చేరి ప్రయోగాలు చేసుకునే పనిశాల అది. అక్కడ తోటివాళ్ళతో కలిసి ఒకే లోహపు ప్లేటు నుంచి, ప్రెస్సు ఒక్కసారి తిప్పి, అనేక రంగులు తీసే పద్ధతిని సాధించారు. కిటుకు మన వంటింటిదే. నూనె రాసుకున్న చేతికి పనసజిగురు అంటుకోదు కదా? ప్లేటును వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. నూనె ఎక్కువ కలిపిన పల్చటి ఇంకును గట్టి రోలర్‌తో పై మట్టానికి పూస్తారు. ఆపైన చిక్కటి ఇంకును మెత్తటి రోలర్‌తో నడిపిస్తే అది లోతుల్లోకి దిగుతుంది. పైనున్న నూనె ఇంకు మాత్రం దాన్ని తన మీద నిలవనివ్వదు. దాన్నే విస్కాసిటీ ప్రింటింగ్ అంటారు. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూసేదాకా ఆయన ఆ విద్యను దాచుకోలేదు, దేశదేశాల్లో వర్క్‌షాపులు పెట్టి పంచారు. మనవాడు, మన భాషవాడు! ఆ పేరు మీలో ఎంతమంది విన్నారు?

లక్ష్మా గౌడ్‌ని తీసుకోండి. అప్పటి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో చూసిన మనుషుల్నీ మేకల్నీ ఎచింగ్ ప్లేట్లకెక్కించి దేశాన్ని మెప్పించారు. ఇక పెడనలో టేకు అచ్చులతో బట్ట మీద అద్దకం ఇప్పటికీ సాగుతోంది. కరక్కాయలో ముంచిన గుడ్డ, పటికతో ఎరుపు, బెల్లం నీళ్ళలో నానిన ఇనుపతుప్పుతో నలుపు. వీలైతే ఒక్కసారి వెళ్ళి, అచ్చు మీద అరచేత్తో చరిచే ఆ లయ వినండి.

ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. కొన్నిచోట్ల ముందే చెక్కిన నెమళ్ళూ మామిడిపిందెలూ చేతికిచ్చి, సంచి మీద అద్దించి, ఫొటో తీసి పంపేస్తారు. అక్కడ డబ్బు పారేసుకోకండి. ఉలి మీ చేతికి ఇవ్వని చోట మీరు నేర్చుకునేదేమీ లేదు. రెండు రోజుల్లో పని మొత్తం పట్టుబడదు, అదీ నిజమే. అయితే రెండు మూడు ఉలులు, ఒక రోలర్, ఒక డబ్బా ఇంకు కొనుక్కుని ఇంటికెళ్ళే ధైర్యం మాత్రం ఆ రెండు రోజుల్లో వస్తుంది. ప్రెస్సు అక్కర్లేదు. చెంచా చాలు, వంటింట్లో ఉంది.

ఏం చెక్కాలి అని అడుగుతారు నన్ను. హాస్టల్ మెట్లు చెక్కండి. మీ వీధి చివర కిరాణా కొట్టు తక్కెడ చెక్కండి. ఆటో కింద పడుకుని రిపేరు చేస్తున్న మీ నాన్న కాళ్ళు చెక్కండి. అమ్మమ్మ మెట్టెలు, ఎండిపోయిన ఊరి చెరువు, మీకు కోపం తెప్పించిన సంగతి, ఏదైనా సరే, మీరు చూసింది. పది ప్రతులు తీసి పదిమందికి ఇవ్వండి. మీ వీధి బొమ్మ మీ వీధి టీ కొట్టు గోడ మీద ఉండాలి!

శనివారం పొద్దున తొమ్మిదింటికి బల్ల సిద్ధంగా ఉంటుంది. పాత చొక్కా వేసుకు రండి, ఇంకు ఉతికినా పోదు.