సూర్యాపేట మేడగదిలో రైలు

సూర్యాపేట, కోదాడ పిల్లలకు బస్సు హారన్ తెలుసు. రైలెక్కాలంటే వేరే ఊరికి పోవాలి. అందుకే ఆ ఊళ్లలో ఎవరైనా అట్టముక్కలతో రైలుపెట్టె కట్టి మేడగదిలో పట్టాల మీద నడిపితే నాకు ప్రాణం లేచొస్తుంది. అది పిల్లాట కాదు, కొలతల చదువు. పెరంబూరు ఫ్యాక్టరీ (ఐసీఎఫ్) చేసిన 21.3 మీటర్ల పాత పెట్టెను 87వ వంతుకు కుదిస్తే 24.5 సెంటీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. ఆ లెక్కన పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండాలి. ఈ 87వ వంతు నమూనాలకు బజారులో దొరికే హెచ్‌ఓ ట్రాక్ 16.5 మాత్రమే. చక్రాలను లోపలికి జరపక తప్పదు, పెట్టె వెడల్పు మాత్రం తగ్గించకూడదు. పెరంబూరులో ఆ తరహా పెట్టెల తయారీ 2018లో ఆగిపోయింది. ఇక కొత్తది పుట్టాలంటే ఇలాంటి గదుల్లోనే పుట్టాలి: కిటికీకి అడ్డంగా సన్నటి తీగ చువ్వలు, తడి ఆరని నీలం రంగు, మలుపులో ఒరగకుండా అడుగున అతికించిన నాలుగు ఇనుప వాషర్లు.