ఇసుక పెట్టెలో మన కొండలు



పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. మొన్న విశాఖలో ఒక ప్రదర్శనకి మా హాస్టల్ నుంచి ఏడుగురం వెళ్లాం. అక్కడ బల్ల మీద ఒక ఇసుక పెట్టె. ఇసుక పోగేస్తే దాని మీద కొండ రంగులు, ఎత్తుల గీతలు పడతాయి. పైన అరచెయ్యి చాపి ఉంచితే చెయ్యి కింద వాన కురిసి, నీళ్లు లోయలెంట దిగుతాయి. నిజం నీళ్లు కావు, వెలుగు. గంటసేపు మేం కదల్లేదు, వెనక నిలబడ్డ పిల్లలు తిట్టుకున్నారు కూడా.

పైన ఉన్న కైనెక్ట్ కెమెరా ఇసుక ఎత్తు కొలుస్తుంది, ప్రొజెక్టర్ రంగులు వేస్తుంది. నీళ్లు ఎటు పోవాలో ఎవరూ ముందే బొమ్మ గీసి పెట్టలేదు. 1871 నాటి సెయింట్ వెనాంట్ సమీకరణాలతో గ్రాఫిక్స్ కార్డు అప్పటికప్పుడు లెక్క కడుతుంది. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఒలివర్ క్రైలోస్ రాసిన సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం.

మనకేంటి అంటారా? మాలో ఒకడు లోయ చేసి, అడ్డంగా గట్టు కట్టాడు. వాన పోశాం. నీళ్లు వెనక్కి ఎక్కి, గుట్ట పక్కన చదునంతా ముంచేశాయి. "మా ఊరుండేది అలాంటి చోటే" అన్నాడు వాడు. నవ్వులు ఆగిపోయాయి.

మాచ్‌ఖండ్‌లో 1955లో కరెంటు మొదలైంది, 120 మెగావాట్లు. ఆ కరెంటు విశాఖకీ వచ్చింది. జలాపుట్ నీళ్ల కింద గదబల ఊళ్లు పోయాయి. ఇప్పుడు అనంతగిరి మండలం పెదకోట దగ్గర పంప్డ్ స్టోరేజీ అంటున్నారు. అంటే కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, కావాల్సినప్పుడు కిందికి వదులుతారు. కాగితం మ్యాపు చూపిస్తే మన అమ్మానాన్నలకి ఏం తెలుస్తుంది? 1996 పెసా చట్టం భూమి తీసుకునే ముందు గ్రామసభని అడగాలంటుంది. ఆ సభలో ఈ పెట్టె ఉండాలని మా వాదన.

విశాఖ బీచ్ రోడ్డులో కూడా ఒకటుండాలి. 2002 నుంచి అక్కడ కురుసుర జలాంతర్గామిలోకి జనం దిగి చూస్తున్నారు. మన గురించి పెట్టాలంటే మాత్రం థింసా బొమ్మలు నిలబెడతారు. థింసా అంటే మాకూ ప్రాణమే. కానీ నగరం వాళ్లు తమ చేత్తోనే గట్టు కట్టి, తమ చేతి వానతోనే ఒక గూడెం మునగడం చూస్తే, అదీ కళే కదా.

ఒక్క భయం ఉంది. ఈ యంత్రానికి వాలు తెలుసు. ఊట తెలీదు, పోడు తెలీదు, పెద్దల్ని పాతిపెట్టిన చోటు తెలీదు. 2000లో నాసా షటిల్ నుంచి కొలిచిన ఎత్తుల లెక్క ఉచితంగా దొరుకుతుంది గానీ, అందులో సుమారు 30 మీటర్లకి ఒక గడి. పదిళ్ల గూడెం రెండు మూడు గడుల్లో అయిపోతుంది. పెట్టె ప్రాజెక్టు వాళ్లే తెస్తే, వాళ్లు వదిలేసిన ఊరు అందులో మునగదు, ఎందుకంటే అసలు ఉండదు. పైగా "కంప్యూటరే చెప్పింది" అంటారు. అందుకే ఊళ్ల పేర్లు, ఊటలు మనమే ఎక్కించాలి.

మా హాస్టల్లో ఇద్దరు లినక్స్ నేర్చుకుంటున్నారు. పాత కైనెక్ట్, సెకండ్‌హ్యాండ్ ప్రొజెక్టర్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. ఇసుక మా గెడ్డ నుంచి మేమే తెస్తాం.