రేయాన్ అను ఒక్క పేరు చాలదు

సంపాదకులకు,

రేయాను చీరల రంగు నిలువకపోవుటకు అద్దకపువారి అశ్రద్ధయే కారణమని మీ పత్రికలో ఒక పాఠకులు వ్రాసిన లేఖ చదివితిని. ముప్పదియేండ్లుగా రంగుతొట్టి యొద్ద నిలిచి జీవించుచున్నవాడను గనుక ఆ నిందలో నా పాలు నేను స్వీకరింతును గాని, అధికభాగము నూలుకట్టపై నంటించు చీటికే చెందునని మనవి చేయుచున్నాను.

అంగడిలో రేయాననియు ఆర్టుసిల్కనియు పిలువబడునది ఒకే పదార్థము కాదు. కొయ్యగుజ్జులోని సెల్యులోజును కాస్టిక్ సోడాతోను కార్బన్ డైసల్ఫైడుతోను ద్రవముగా మార్చి, ఆమ్లపు తొట్టిలో మరల దారముగా తీసిన విస్కోసు గుణమున ప్రత్తికి తోబుట్టువు. ప్రత్తికి పట్టు రంగులు దానికిని పట్టును. అదే సెల్యులోజును ఎసిటిక్ అన్‌హైడ్రైడుతో మార్చి తీసిన అసిటేటు ఆ రంగులకు విముఖమై, నీటిలో కరగక సూక్ష్మమైన పొడిగా చెదరియుండు డిస్పర్సు రంగులనే కోరును. నాగదా మిల్లులో తయారగునది మొదటి జాతి. మన కాగజ్‌నగరమున సిర్‌సిల్కు మిల్లువారు తీసిన నూలు రెండవ జాతి.

గత వేసవిలో ఒకే చీటితో వచ్చిన చిలపలను ఉప్పు వేసిన, ప్రత్తికి పట్టు డైరెక్టు రంగులో ముంచగా, సగము నిండు నీలమై, సగము బియ్యపు కడుగువలె వెలవెలబోయినవి. రంగెక్కింపగోరి సోడా వేసి మరిగించితిమా, ఆ క్షారము అసిటేటు తత్త్వమునే విఱిచి మెఱుపును హరించును. తగిన రంగే వేసినను, కొన్ని నీలిరంగులు గ్యాసుపొయ్యి పొగలోని నైట్రజన్ ఆక్సైడుల వలన క్రమముగా ఎఱ్ఱబాఱును. ఇందు అద్దకపువాని అశ్రద్ధ యెక్కడ?

అనుభవశాలి చూచి పోల్చుకొనలేడా యని యడుగవచ్చును. కన్ను చెప్పలేదు, నిప్పు చెప్పగలదు: విస్కోసు పోగు కాగితమువలె కాలి మెత్తని బూడిదయగును, అసిటేటు కరగి, పుల్లని వాసనతో నల్లని గట్టి పూసయై మిగులును. అయినను కట్టకట్టకు పోగు తీసి కాల్చుట కొనువాని పనియా, పేరు చెప్పుట అమ్మువాని ధర్మమా? అమెరికాలో ఈ రెంటికిని వేఱువేఱు పేర్లు వాడవలెనను నియమము 1950వ దశకముననే యేర్పడినది. మన చీటిపై విస్కోసనియో అసిటేటనియో తెలుగక్షరములతో ముద్రించుటకు వ్యయమేమున్నది?

పైగా, భేదమెఱిగిన నేతగాడు రెండు నూళ్లను కలిపి నేసి యిచ్చినచో, ఒకే తొట్టిలో రెండు రంగుల చీర తీసి చూపగలను. ఎఱుగక కలిపిన నాడు అదే చీర మచ్చల చీరయై, నింద నా తొట్టికి వచ్చును.

భవదీయుడు,
ఒక అద్దకపు పనివాడు,
చీరాల