ప్రసారం కాని మొదటి ఆట

సినిమావాళ్లకు ప్రివ్యూ ఉంది. నాటకాలవాళ్లకు రిహార్సల్ ఉంది. మరి టీవీవాళ్లకో? 'పైలట్' అని ఒకటుంది. విమానం నడిపేవాడు కాదండోయ్! కొత్త కార్యక్రమం మొదలుపెట్టేముందు ఒకే ఒక్క ఎపిసోడ్ తీసి చూసుకుంటారు. సెట్టు, లైట్లు, ఎదురుగా చప్పట్లు కొట్టే జనం, అన్నీ అసలు ఆటకు మల్లేనే ఉంటాయి. ఛానల్ పెద్దలకు నచ్చితే సిరీస్, లేకపోతే టేపు బీరువాలోకి. నచ్చినా కూడా చాలాసార్లు ఆ మొదటి టేపు బీరువాలోకే పోతుంది, ఎందుకంటే ఈలోగా సగం సంగతులు మార్చేస్తారు.

అలా బీరువాకెక్కి, తర్వాత డీవీడీ పుణ్యమా అని బయటపడ్డ పైలట్ ఒకటుంది. బ్రిటన్‌లో బీబీసీవారి 'క్యూఐ' అనే హాస్య విజ్ఞాన కార్యక్రమానిది. క్యూఐ అంటే 'క్వైట్ ఇంటరెస్టింగ్'. మన భాషలో 'ఫరవాలేదే, వినదగ్గదే' అన్నమాట. తెలివిని కొలిచే ఐక్యూని తిరగేస్తే క్యూఐ. పేరులోనే వేళాకోళం ఉంది.

దీన్ని పుట్టించినాయన జాన్ లాయిడ్. 'బ్లాక్ ఆడర్' లాంటి హాస్య ధారావాహికలు నిర్మించిన చెయ్యి. మొదట ఆయన వేసుకున్న పథకం వేరు. మధ్యలో కూర్చుని ఆట నడిపేది మైఖేల్ పాలిన్. తెలివైన జట్టుకు స్టీఫెన్ ఫ్రై, మొద్దు జట్టుకు ఆలన్ డేవిస్ నాయకులు. పాలిన్ ఒప్పుకోలేదు. దాంతో ఫ్రైని నడిమి కుర్చీలోకి జరిపారు, జట్ల మాటే ఎత్తేశారు. హీరో డేట్లు కుదరక కథే మారి, ఆ మారిన కథే హిట్టయినట్టుంది వ్యవహారం!

పైలట్‌లో డేవిస్ పక్కన ఆడినవాళ్లు బిల్ బెయిలీ, ఎడీ ఇజార్డ్, కిట్ హెస్కెత్-హార్వీ. 2003 సెప్టెంబరు 11న జనం చూసిన మొదటి ఎపిసోడ్‌కు వచ్చేసరికి డేవిస్ తప్ప తక్కిన ముగ్గురూ లేరు. వాళ్ల చోట హ్యూ లారీ, జాన్ సెషన్స్, డానీ బేకర్ కూర్చున్నారు. కిట్ 2023లో కన్నుమూశాడు.

ఈ ఆటలో అసలు మజా తప్పు జవాబులో ఉంది. ప్రశ్న వినగానే అందరి నాలుక మీదకూ వచ్చే జవాబు ఒకటుంటుంది చూడండి, అది చెబితే సైరన్ మోగుతుంది, మార్కులు పోతాయి. ఆ జవాబే చెబుతారని నిర్వాహకులు ముందే ఊహించి రాసి పెట్టుకుంటారు. తర్వాతి ఎపిసోడ్లలో ఆ తప్పు వెనకాల పెద్ద తెరల మీద మెరుస్తుంది. పైలట్‌లో ఆ తెరల హంగు లేదు. ఫ్రై చేతిలో అట్టముక్క ఎత్తి చూపించడమే! నాకైతే ఆ అట్టముక్కే నచ్చింది. బడిలో పంతులుగారు పలక ఎత్తి చూపినట్టు, దొరికిపోయినవాడి మొహం చూడాలి.

మన దగ్గరకొద్దాం. తెలుగు బుల్లితెర మీద క్విజ్ అంటే 2014లో మా టీవీలో నాగార్జున నడిపిన 'మీలో ఎవరు కోటీశ్వరుడు' గుర్తొస్తుంది. 2021లో జెమినీలో జూనియర్ ఎన్టీఆర్ 'ఎవరు మీలో కోటీశ్వరులు' అన్నారు. రెండూ బాగానే ఆడాయి. కానీ అది 1998లో బ్రిటన్‌లో పుట్టి, 2000లో హిందీలో అమితాబ్ చేతిలో పండిన సరుకు. కుర్చీ ఎక్కడుండాలో, ఏ ప్రశ్నకు ఏ సంగీతమో అన్నీ తయారుగా వచ్చాయి. అక్కడ జవాబు తప్పయితే లేచి ఇంటికి పోవడమే, నవ్వడానికి వ్యవధేదీ? ఈటీవీలో సాయికుమార్ 'వావ్' నవ్వుతూ తుళ్లుతూ సాగింది, అయితే అక్కడ నవ్వు ఆడేవాళ్ల మధ్య పుట్టింది గానీ ప్రశ్నలోంచి కాదు. ప్రశ్నే నవ్వించే ఆట తెలుగులో ఒకటి రావాలని నా కోరిక.

సరుకు లేదంటారా? మా భద్రాచలం అడివి అంచున కూర్చుని ఎన్నయినా ఇస్తాను. 'ఖమ్మం జిల్లా ఏర్పడినప్పుడు భద్రాచలం ఏ జిల్లాలో ఉంది?' ఖమ్మమేగా అన్నారో, సైరన్! ఖమ్మం జిల్లా ఏర్పడింది 1953లో. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిది. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాది. ఇంకోటి. 'భద్రాచలాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక ఏ రాష్ట్రంలో ఉంది?' తెలంగాణ అంటే మళ్లీ సైరన్. పోలవరం ముంపు పేరుతో 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, భద్రాచలం పట్టణం మాత్రం ఇటే మిగిలింది. ఊరు దాటితే రాష్ట్రం దాటినట్టే. బయటివాళ్లకిది తమాషా ప్రశ్న. కాగితాలు పట్టుకుని ఆఫీసులకు తిరిగే అక్కడి రైతునడిగితే అంతగా నవ్వడు. ఈ ఆటలో నాకు కనిపించే విలువ అదే, నవ్వుతూ నవ్వుతూనే మనం అడగని సంగతి ఒకటి బయటపడుతుంది.

అన్నట్టు, ఈ సైరన్ మోగించేవాళ్లు మాత్రం సర్వజ్ఞులా? మొదటి సిరీస్‌లో 'భూమికి చందమామలెన్ని?' అని అడిగారు. డేవిస్ 'ఒకటి' అన్నాడు, మార్కులు పోయాయి, రెండన్నారు. రెండో సిరీస్‌లో మళ్లీ అదే ప్రశ్న. పాపం, పాఠం వొంటబట్టించుకుని 'రెండు' అన్నాడు. మళ్లీ మోగింది, ఈసారి అయిదట! ఆ తర్వాత 2013 నాటి సిరీస్‌లో 'జ్ఞానం' పేరున ఒక ఎపిసోడ్ చేసి, వెనక తాము చెప్పినవాటిలో కొన్ని కాలక్రమాన తప్పుతేలాయని ఒప్పుకుని, అప్పట్లో కోసిన మార్కులు తిరిగిచ్చారు. పదేళ్ల తర్వాత మార్కులు తిరిగిచ్చే పరీక్ష లోకంలో ఇంకెక్కడుంది చెప్పండి!

మన సినిమా పుట్టుకకూ ఇలాంటి ప్రశ్న ఒకటుంది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ఎప్పుడొచ్చింది? 1931 సెప్టెంబరు 15 అని దశాబ్దాలపాటు రాసుకున్నాం, పండగలు చేసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలూ సెన్సారు వివరాలూ తవ్వి, విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో అని తేల్చారు. ఇప్పటికీ పాత తేదీ చెప్పేవాళ్లు బోలెడుమంది. బొమ్మ వేసి చూసుకుందామంటే హెచ్.ఎం. రెడ్డిగారు తీసిన ఆ చిత్రం ప్రింటే మిగల్లేదు. ఎవరూ చూడనక్కర్లేదనుకున్న పైలట్‌నేమో అక్కడివాళ్లు భద్రంగా డిస్కులోకెక్కించి అమ్ముకున్నారు.

వచ్చేవారం దాకా ఈ ప్రశ్న మీ దగ్గర ఉంచండి. 1973లో బాపుగారి 'అందాల రాముడు'లో లాంచీ ఎక్కినవాళ్లంతా సీతారామ కల్యాణానికి భద్రాచలం బయల్దేరతారు గదా. అక్కడిదాకా వెళ్లినవాళ్లు పర్ణశాల కూడా చూడాలనుకుంటే, ఈనాటి లెక్కన ఏ రాష్ట్రానికి పోవాలి? తొందరపడకండి. అట్టముక్క నా చేతిలో ఉంది.