మానిటర్ కొనే ముందు కన్నును అడగండి

మా రెడ్డిగూడెం ప్రాంతంలో మామిడి డబ్బు చేతికందే వేసవిలోనే ఇళ్ళలోకి కొత్త వస్తువులు వస్తాయి. మొన్న మా వీధి యువకుడు ఒకడు తలనొప్పి, మెడనొప్పి అంటూ నా వద్దకు వచ్చాడు. ఇంటి నుండే యానిమేషన్ పని చేస్తాడు. రాత్రివేళ ఆటలు కూడా ఆడతాడు. తండ్రి కాయ అమ్మిన సొమ్ముతో 32 అంగుళాల మానిటర్ కొనిపెట్టారట. "కళ్ళకు రక్షణ ఉందని పెట్టె మీద రాశారు కదండీ డాక్టరు గారూ, మరి ఈ నొప్పి ఎందుకు?" అన్నాడు.

వెళ్ళి చూశాను. తెర వెనుకనే కిటికీ ఉన్నది. మానిటర్ కింద చెక్కపెట్టె పెట్టడం వలన తెర పై అంచు అతని నుదుటికంటే జానెడు ఎత్తున ఉన్నది. రోజంతా తల ఎత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. పైకి చూసినప్పుడు కనురెప్పలు మరింత విప్పారి కన్నీటి పొర త్వరగా ఆరిపోతుంది. తెరపై ఏకాగ్రతతో పనిచేసేటప్పుడు మనం రెప్ప వేయడం కూడా సగానికి పైగా తగ్గిపోతుంది. మంటకు, బరువుకు ప్రధాన కారణం ఇదే.

అందుకే నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతున్నాను. "నీలికాంతి రక్షణ" అన్న ముద్ర కోసం ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వనవసరం లేదు. 2023లో కోక్రేన్ సంస్థ 17 పరీక్షలను సమీక్షించి, నీలికాంతిని ఆపే కళ్ళద్దాల వలన కంటి అలసట తగ్గుతుందనడానికి తగిన ఆధారం కనబడలేదని తేల్చింది. ఆ డబ్బును ఎత్తు, వంపు మార్చుకోగల స్టాండుకు వెచ్చించండి.

పరిమాణం చూసి కూడా మోసపోవద్దు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080 చుక్కలు. 24 అంగుళాల తెరలో అవి అంగుళానికి దాదాపు 92 చొప్పున అమరుతాయి. అవే చుక్కలు 32 అంగుళాలకు పరచుకుంటే 69 మాత్రమే. అక్షరాల అంచులు మొద్దుబారుతాయి. డిజైన్ పనికి 27 అంగుళాలు, 2560×1440 చుక్కలు మంచి కొలత. అంగుళానికి సుమారు 109 వస్తాయి.

రంగుల పని చేసేవారు ఐపీఎస్ ప్యానెల్, ఎస్ఆర్‌జీబీ రంగులను ఇంచుమించు పూర్తిగా చూపేది ఎంచుకోవాలి. చవకరకం టీఎన్ ప్యానెల్‌పై తల కాస్త పక్కకు జరిపితే మామిడిపండు రంగే మారిపోతుంది. దానిని నమ్మి పండ్ల పెట్టెకు లేబుల్ అచ్చు వేయిస్తే నష్టమే. అంతకంటే ముందు ఇషిహారా పటాలతో వర్ణదృష్టి పరీక్ష చేయించుకోండి. ఎరుపు, ఆకుపచ్చలను పోల్చుకోలేని లోపం మగపిల్లలలోనే ఎక్కువ. చాలామందికి ఆ సంగతే తెలియదు. దానిని ఏ మానిటరూ సరిదిద్దలేదు.

ఆటలకు 144 హెర్ట్జ్ తెర మేలే. 60 హెర్ట్జ్‌లో ఒక్కో చిత్రం 16.7 మిల్లీసెకన్లు నిలిస్తే ఇందులో సుమారు 7 మాత్రమే. కదలిక నునుపుగా ఉంటుంది. అయితే గ్రాఫిక్స్ కార్డు అంత వేగం ఇవ్వగలగాలి. పైగా అది ఆటకు సౌకర్యమే తప్ప కంటికి మందు కాదు. ఎవరికైనా పనికివచ్చేవి రెండు: వెలుగు తగ్గించినా మినుకుమినుకుమనని ఫ్లికర్ ఫ్రీ తెర, ప్రతిబింబాలు పడని మసక ఉపరితలం.

"వృత్తికోసం కొంటున్నాం, కంటికోసం కాదు" అనేవారున్నారు. నలభై ఏళ్ళ పనిని ఆ రెండు కళ్ళే మోయాలని వారు మరువరాదు.

ఆ యువకుడికి నేను మందు రాయలేదు. చెక్కపెట్టె తీయించాను. కిటికీ పక్కకు వచ్చేటట్లు బల్ల తిప్పించాను. తెరను చేయి చాచినంత దూరంలో, పై అంచు కంటి మట్టానికి కాస్త కిందుగా ఉంచాము. పక్కన తెల్ల కాగితం పట్టుకుని, తెర దానికంటే దీపంలా వెలగకుండా వెలుగు తగ్గించాము. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరాన ఉన్నదానిని 20 సెకన్లు చూడమన్నాను. వాకిట్లో మామిడిచెట్టు ఉండనే ఉన్నది. విజయవాడలో కంటి పరీక్ష చేయిస్తే స్వల్పంగా సిలిండర్ పవర్ తేలింది. అద్దాలు వచ్చాక నెల తిరిగేసరికి తలనొప్పి పోయింది.

తల్లిదండ్రులారా, మీ పిల్లలకు మానిటర్ కొనండి, తప్పు లేదు. కానీ ముందు కంటి పరీక్ష, తరువాత బల్ల, కుర్చీ, ఆ తరువాతే తెర. ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైన తెరా సుఖమివ్వదు.