దంతవైద్యుడనిన భయమేల?

రాత్రివేళ పంటిపోటు ఆరంభమైనప్పుడు మన యిండ్లలో జరుగు నుపచారములు సోదరీమణు లెఱిగినవే. లవంగతైలములో ముంచిన దూదిని పంటిక్రింద నుంచుకొందురు, ఉప్పునీటితో పుక్కిలింతురు, తెల్లవారి బాధ తగ్గినచో వైద్యుని మాట మఱచినట్లు నటింతురు. తీరిక లేదనియు, డబ్బు దండుగ యనియు చెప్పు సాకుల వెనుక తఱచుగా దాగియుండునది భయమే. సూది యనిన భయము, యంత్రపు రొద యనిన భయము. ఈలోపల చిన్న పిప్పి పంటి నరమువఱకు పోవును, చీము పట్టును, దవడ వాచును. మొదట పూడ్చిన సరిపోవు పన్ను తుదకు తీయవలసి వచ్చును.

వైద్యునియొద్దకు పోయినవెంటనే "నాకు భయము" అని చెప్పుడు. చేయి యెత్తినచో పని నిలుపవలెనని ముందే యనుకొనుడు. కొందఱికి ఇంతమాత్రముననే ధైర్యము వచ్చును. రానివారికి భయము నణచు మందులు కలవు.

వానిలో ప్రాచీనమైనది నైట్రస్ ఆక్సైడను వాయువు. అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణమున 1844 డిసెంబరు 10వ తేదీన జరిగిన యొక వినోదప్రదర్శనములో దానిని పీల్చినవా డొకడు కాలికి దెబ్బ తగిలినను బాధ నెఱుగకుండెను. హోరేస్ వెల్స్ అను దంతవైద్యు డది గమనించి, మఱునాడే తా నా వాయువును పీల్చి జాన్ రిగ్స్ అను మఱియొక దంతవైద్యునిచేత తన పన్ను తీయించుకొనెను. మఱుసటి నెలలో బోస్టను నగరమున నతడు చేసిచూపిన ప్రయోగము విఫలమై నవ్వులపాలయ్యెను గాని, ఆ వాయువు నేటికిని దంతవైద్యశాలలలో నిలిచియున్నది.

ఇప్పుడు దానిని ప్రాణవాయువుతో కలిపి, ముక్కుపై నమర్చిన తొడుగుద్వారా ఇత్తురు. కొన్ని నిమిషములలో దేహము తేలికపడి భయము సడలును. తెలివి తప్పదు, పలుకరించిన బదులు చెప్పవచ్చును. పిమ్మట కొంతసేపు వట్టి ప్రాణవాయువు పీల్చినచో మత్తు విడిపోవును. ఐనను చిగురు మొద్దుబాఱుటకు సూది వేయవలసియే యుండును. రెంటికిని పని వేఱు.

భీతి మిక్కుటమైనచో మాత్రగా గాని, రక్తనాళమునకు సూదిద్వారా గాని మత్తుమం దిత్తురు. ఇందు జాగ్రత్త హెచ్చు. ఆ విద్యలో శిక్షణ పొందిన వైద్యుడును, నాడిని, రక్తములోని ప్రాణవాయువును కనిపెట్టు యంత్రమును ఉన్నవా యని యడుగుటకు మొగమాటపడరాదు. ఎన్ని గంటలముందు ఆహారము మానవలెనో తెలిసికొని యట్లే చేయవలెను. ఇంటికి తోడ్కొనిపోవ నొకరుండవలెను. ఆ దినమున వాహనము నడుపరాదు, పొయ్యిదగ్గఱ నిలువరాదు. (ఒక్కపూట వంట మఱియొకరు చేసినంతమాత్రమున ఇల్లు మునుగదు.)

గర్భవతులు, పాలిచ్చు తల్లులు, ఉబ్బసమో గుండెజబ్బో కలవారు, నిత్యము మందులు వాడువారు ఆ సంగతి ముందుగనే చెప్పవలయును. గర్భము తొలిమాసములలో నైట్రస్ ఆక్సైడును సాధారణముగ నియ్యరు. జలుబుతో ముక్కు మూసికొనిపోయిననాడు ఆ వాయువు సరిగా లోనికి పోదు.

ఇక పిల్లల మాట. "అల్లరి చేసిన పన్ను పీకించెదను" అని బెదరించు తల్లి తా నెఱుగకయే బిడ్డకు భయమును నేర్పుచున్నది. "ఏమియు నొప్పి పుట్టదు" అని బొంకుటయు నంతే; ఒక్కసారి నొచ్చినచో బిడ్డ యా మాట మఱి నమ్మదు. పన్ను నొవ్వకమునుపే యొకమాఱు పరీక్షకు మాత్రము తీసికొనిపోయి, ఆ కుర్చీలో కూర్చుండబెట్టి, వైద్యుని చిన్న యద్దమును చూపించి యింటికి తీసికొని రండు.